బూడిద సప్తమి

జ్యేష్ఠ బహుళ సప్తమి నాడు మధ్యాహ్నం వేళ, చంద్రవాక నదిలో ఒక చిన్న తెప్ప వచ్చి అరుణావతీ నగరం ఉత్తరపు రేవులో ఆగింది. తెప్ప మీది యువకుడు ముఖానికి గోనెగుడ్డ చుట్టుకున్నాడు. కళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. అతడు రత్నకూట రాజ్యానికి యువరాజు, పేరు శరభాంకుడు. కాని ఆ సంగతి అప్పటికి ఆ నగరంలో ఒక్కరికీ తెలియదు. ఎందుకంటే ఆ గోనెగుడ్డ కింద ఉన్న ముఖం అతడిది కాదు.

ఆ ముఖం బయ్యన్నది. రాజుగారి గుర్రాలను సాకే మాచమ్మ కొడుకు బయ్యన్న. శరభాంకుడితో కలిసి గోలీలాడి, కలిసి దెబ్బలు తిని, కలిసి పెరిగినవాడు. ఏడేళ్ళ కిందట ఇదే తిథినాడు వాళ్ళిద్దరూ శంఖగిరి అడవికి వేటకు వెళ్ళారు. అక్కడ ధూమకేశి అనే మాంత్రికుడు యువరాజును బలికోసం వెంట తరిమాడు. పారిపోయే దారి లేకపోయేసరికి బయ్యన్న పక్కనున్న కొలనులోకి దూకి, "తల్లీ, మా దొర ముఖం నాకియ్యి, నా ముఖం దొరకియ్యి" అని కొలనులోని యక్షిణిని వేడుకున్నాడు. యక్షిణి కాదనలేకపోయింది. మాంత్రికుడు బయ్యన్నను యువరాజనుకుని గుహలోకి ఈడ్చుకుపోయాడు. అసలు యువరాజును గుర్రాలవాడే కదా అనుకుని, ఒక్క ఊదు ఊది సముద్రం నడుమనున్న ఉప్పుదీవిలో పారేశాడు.

అక్కడినుంచి బయటపడి, దొంగల ఓడల్లో తెడ్లు వేసి, ఎడారిలో దారితప్పి, శరభాంకుడు తిరిగి ఆ కొలను దగ్గరకు చేరేసరికి ఏడేళ్ళూ నిండవచ్చాయి. యక్షిణి నీళ్ళలోంచి తల పైకెత్తి ఇలా చెప్పింది:

"నీ నేస్తం బతికే ఉన్నాడు. కాని ధూమకేశికి తన పొరపాటు తెలిసిపోయింది. తెలిశాక వాడి ఆశ మరింత పెరిగింది. నేస్తం కోసం ప్రాణానికి తెగించినవాడి ప్రాణం దొరికితే వాడికిక చావే లేదు. ఆ ప్రాణాన్ని కత్తి తెంచలేదు, విషం తెంచలేదు. బయ్యన్న ఎవరి మేలు కోరాడో వాళ్ళ శాపమే తెంచాలి. ఏడు జ్యేష్ఠ బహుళ సప్తములు వరసగా ఆ శాపం పడాలి, ఏడోది ముగిసేలోపు ఒక్క ఇల్లూ తప్పకూడదు. ఇప్పుడు రాబోయేది ఏడోది. ఆనాడు పొద్దు గుంకేలోపు శాపం నిండకపోతే గుహ తలుపు తెరుచుకుంటుంది, తెల్లవారేదాకా తెరిచే ఉంటుంది. ముందు ఎవరు చేరితే బయ్యన్న వాళ్ళకు దక్కుతాడు."

"ఎవరి శాపం తల్లీ? ఎవరు శపిస్తున్నారు?" అంటే, "మీ ఊరు వెళ్ళి చూసుకో" అని బుడుంగున మునిగిపోయింది. ఈ యక్షిణులతో ఇదే తంటా. అసలు ముక్క చెప్పాల్సిన చోటే నీళ్ళలోకి పోతారు.

మామూలు రోజుల్లో అరుణావతిని చూడడానికి రెండు కళ్ళు చాలవు. ఎర్రరాతి బురుజుల మీద రాగి కలశాలు, వాటి వెనక వరసలు వరసలుగా మేడలు, మేడల గవాక్షాలకు ముత్యాల తెరలు, వీధుల్లో చందనపు నీళ్ళు చిమ్మే యంత్రపు నెమళ్ళు, అంగళ్ళలో పట్టుబట్టల గుట్టలు, ఏనుగుల ఘంటానాదాలు, పచ్చకర్పూరపు వాసన. అన్నిటికీ మించి పొద్దెక్కేసరికి వేల వంటిళ్ళనుంచి లేచే పొగ. ఉప్పుదీవిలో ఆకలితో పడుకున్నప్పుడల్లా శరభాంకుడు తలుచుకున్నది మేడలనూ కలశాలనూ కాదు, ఆ పొగనే. ఇవాళ ఏ ఇంటిమీదా పొగ లేదు. యంత్రపు నెమళ్ళు ముక్కులు మూసుకుని నిలబడ్డాయి. అంత పెద్ద నగరంలోనూ చిన్న చప్పుడు లేదు.

కోటవాకిట్లో బొద్దుగా ఉన్న కాపలావాడొకడు బల్లెం గోడకు చేరేసి, దొప్పలో నానబెట్టిన పెసరపప్పు నములుతున్నాడు. ఒళ్ళంతా బూడిద పూసుకున్నాడు. పక్కన గంపెడు బూడిద ఉంది.

"ఆగాగు! ఒంటిమీద చిటికెడు బూడిద లేకుండా ఎక్కడికయ్యా దూసుకుపోతన్నావు? ఏ దేశం మనిషివి?"

"పరదేశిని. ఇవాళ మీ ఊళ్ళో పొయ్యిలు వెలిగించరా?"

"జ్యేష్ఠ బహుళ సప్తమి కదయ్యా! బూడిద సప్తమి!" కాపలావాడు దొప్ప కింద పెట్టాడు. "మా చిన్నరాజుగారు శరభాంకులవారు పోయిన తిథి. ఇవాళ రత్నకూటంలో నిప్పు రాజెయ్యకూడదు. రాత్రిది సద్ది తినాలి, అది లేకపోతే ఇదిగో ఈ పప్పు. ఆడాళ్ళు తల దువ్వరు. గుర్రాలకి జీను కట్టరు. డోళ్ళు వదులుచేసి బోర్లిస్తారు. పిల్లలు ఏడిస్తే జోల కూడా పాడరు, ఊరికే ఒళ్ళో ఏసుకుని కూచుంటారు. మా ఆడదైతే పొద్దుట్నుంచీ ముక్కు చీదతానే ఉంది. ఆయన్ని చూసింది ఒక్కసారే, గుర్రమెక్కి పోతంటే. అయినా ఏడుస్తది."

శరభాంకుడు గోనెగుడ్డ ఇంకాస్త బిగించుకున్నాడు. ఏదో ఒకటి అనాలి గనక, "అంత మంచివాడా?" అన్నాడు.

"బంగారం అనుకో. కాస్త మొండోడంటలే. పోయినోళ్ళని ఏమనకూడదు." కాపలావాడు కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే గంప చూపించాడు. "ఆ బంగారాన్ని రాక్షసుడికి అప్పజెప్పిన ద్రోహి ఒకడున్నాడు, గుర్రాల బయ్యన్నగాడు. వాడి గడ్డిబొమ్మ చేసి, చెప్పులదండ ఏసి ఊరంతా తిప్పుతారు. ఇంటికో గుప్పెడు, పొయ్యిలో చల్లారిన బూడిద తెచ్చి 'నువ్వు బూడిదైపోను' అని దాని మొహాన కొట్టాలి. మొదటి గుప్పెడు రాజుగారిది. పొద్దు గుంకేముందు ఏటిఒడ్డున కాలుస్తారు. ఆ మంటలోంచి నిప్పు తెచ్చుకుని పొయ్యిలు ఎలిగించుకుంటాం. రాజగురువులు భస్మానందులవారు పెట్టిన కట్టడి. ఏడేళ్ళబట్టీ ఒక్క ఇల్లు తప్పకుండా చేస్తన్నాం." అని, కాస్త ఆగి ముఖం చిట్లించాడు. "ఒక్క ఇల్లు తప్ప. ఆ ద్రోహి తల్లి ఉంది. ఆవిడ మాత్రం ఎన్ని దెబ్బలు కొట్టినా గుప్పెడు బూడిద తియ్యలేదు. ఈ ఏడు గురువులవారు ఒదలనన్నారు."

"ఆ గురువు ఎప్పుడొచ్చాడు మీ ఊరు?"

"చిన్నరాజుగారు పోయిన నెలకే. ఆయనే గదా దివ్యదృష్టితో చూసి అంతా చెప్పింది!"

ఎవరి శాపమో శరభాంకుడికి ఇప్పుడు తెలిసింది. ఊరు ఊరంతా, తన మీది ప్రేమకొద్దీ, పస్తులుండి కన్నీళ్ళు పెట్టుకుని మరీ, తన ప్రాణం కాపాడినవాణ్ణి గుప్పెడు గుప్పెడుగా చంపుతోంది. ద్వేషంతో చేస్తుంటే కోపమైనా వచ్చేది. ఇంత ప్రేమను ఏం చెయ్యాలో అతడికి తోచలేదు.

అటు తిరిగి గోనెగుడ్డ విప్పేసి, గంపలో చేతులు ముంచి ముఖమంతా బూడిద మెత్తుకున్నాడు. కాపలావాడు మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఇదీ మర్యాద! పరదేశివైనా నీకు తెలిసింది."

రాజవీధి పొడవునా అరుగుల మీద జనం బూడిద ముఖాలతో కూర్చుని ఉన్నారు. ఒక ముసలమ్మ శరభాంకుణ్ణి చెయ్యిపట్టి ఆపి, దోసెడు సద్దన్నం అతడి చేతిలో పెట్టి, "తిను నాయనా, మా చిన్నరాజు పేరు చెప్పుకుని తిను" అంది. అతడు తన పేరుమీద పెట్టిన తద్దినపు ముద్ద తానే తిన్నాడు. తింటూ పరుగెత్తాడు.

రాజభవనం ముందు గడ్డిబొమ్మను నిలబెట్టారు. పక్కన రాజు మేఘవాహనుడు చెప్పుల్లేకుండా, కిరీటం లేకుండా, గుప్పెట్లో బూడిదతో నిలబడి ఉన్నాడు. ఏడేళ్ళలో ఆయన నడుము వంగిపోయింది. ఆయన వెనకనే కాషాయం కట్టి, కమండలం పట్టుకుని భస్మానందుడు ప్రశాంతంగా చిరునవ్వు నవ్వుతున్నాడు. కాషాయం మారింది, గడ్డం మారింది, కాని ఊదడానికి సిద్ధంగా ఎప్పుడూ కాస్త ముందుకు సాచి ఉండే ఆ పెదవులు మారలేదు. ధూమకేశి!

"నాన్నగారూ! ఆ బూడిద వెయ్యకండి!" అని శరభాంకుడు జనాన్ని తోసుకుంటూ ముందుకు దూకాడు.

రాజు ఉలిక్కిపడి తల తిప్పాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టు ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. మాంత్రికుడు ఆ క్షణాన్ని సాగనియ్యలేదు. ఆశీర్వదిస్తున్నవాడిలా కమండలంలోని నీళ్ళు ఒక్క విసురుగా శరభాంకుడి ముఖంమీద చల్లాడు. బూడిద జారిపోయింది.

"బయ్యన్న! ద్రోహి!" ఎవరు ముందు అరిచారో గాని, మరుక్షణం వీధంతా అదే కేక.

శరభాంకుడు చేతికందిన పందిరిగుంజ పట్టుకుని చూరెక్కాడు. చూరునుంచి మేడమీదికి, మేడనుంచి మేడకు దూకాడు. రాళ్ళు, బల్లేలు, బాణాలు వెంటపడ్డాయి. ఒక బాణం భుజం చీల్చుకుపోయింది. ఏనుగుశాల గోడమీద పరుగెత్తుతుంటే కాలు జారి పట్టపుటేనుగు వీపు మీద పడ్డాడు. అది ఘీంకరించి తొండంతో ఎత్తి విసిరేసింది. అంత దూరాన గుర్రపుశాల వెనక ఒక పూరిగుడిసె కప్పు చీల్చుకుంటూ వెళ్ళి లోపల నేలమీద పడ్డాడు.

గుడిసెలో పొయ్యి వెలుగుతోంది.

రాజ్యమంతటా నిప్పు లేని రోజున, ఒక నడివయసు స్త్రీ పొగ బయటికి పోకుండా బొగ్గుల మీద చట్టి పెట్టి, ఉలవచారు కాస్తోంది. ఆ చట్టీ, ఆ వాసనా శరభాంకుడు ఎరుగున్నవే. చిన్నతనంలో బయ్యన్నతో కలిసి ఎన్నిసార్లు ఈ గుమ్మంలో ఆడుకున్నాడో! ఆమె మాచమ్మ. జుట్టు సగం నెరిసింది. వీపుమీద కొరడా మచ్చలు రవికె దాటి కనిపిస్తున్నాయి.

ఆమె వెనక్కి తిరిగి అతడి ముఖం చూసింది. చేతిలోని గరిటె జారిపోయింది.

"బయ్యా!" అంది. "వచ్చావా నాయనా! ఈ రోజే వస్తావని నాకు తెలుసు. వెళ్ళింది ఈ రోజే గదా. వచ్చేసరికి ఊళ్ళో ఎవరింటా వేడన్నం ఉండదు, నువ్వేమో ఆకలికి ఆగలేవు. అందుకే ఏటా వండుతున్నాను."

కాదు అని చెప్పడానికి శరభాంకుడు నోరు తెరిచాడు. అంతలోనే ఆమె అతడి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది, భుజంమీది గాయానికి పసుపు అద్దింది, చేతులు కడిగించి విస్తరి వేసింది.

"ఒక్కమాట చెప్పు. చిన్నదొరని నువ్వు అప్పజెప్పావా?"

"లేదు." ఆ మాట మాత్రం అతడు గట్టిగా చెప్పగలిగాడు. "లేదమ్మా. ప్రాణం పోయినా అప్పజెప్పే మనిషి కాదు."

ఆమె తల ఊపి, వేడన్నంలో ఉలవచారు పోసింది. అతడు తలవంచుకుని తిన్నాడు. ఆమె ఎదురుగా చేరగిలబడి, రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చుంది. విస్తరి ఖాళీ అయ్యాక పైటతో కళ్ళొత్తుకుంది.

"ఇప్పుడు చెప్పండి చిన్నదొరా. నా కొడుకు ఎక్కడున్నాడు?"

శరభాంకుడి చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. "నీకు... ఎలా తెలిసింది?"

"విస్తరి వేశాక చేతులు కట్టుకుని కూచున్నారు, వడ్డించేదాకా. నా కొడుకు ఏనాడన్నా వడ్డించేదాకా ఆగాడా? చట్టిలో చెయ్యి పెట్టి గరిటె దెబ్బ తినేవాడు."

"తెలిసి కూడా నన్ను తిననిచ్చావా?"

"ఏడేళ్ళయింది దొరా ఆ మొహం అన్నం తింటుంటే చూసి."

శరభాంకుడు అంతా చెప్పేశాడు. కొలను, మారిన ముఖాలు, గుహ, శాపం, ఏడో సప్తమి. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో భయానికి బదులు ఇంకేదో కనిపించింది. చివరికి గట్టిగా ఊపిరి వదిలి, "అయితే వాడు ద్రోహి కాదు, బతికున్నాడు" అంది. "నా గుప్పెడు పడలేదు గనకే బతికున్నాడు. ఊరంతా కొట్టినా తల్లి కొట్టనిదే శాపం నిండదన్నమాట. మరి ఊరికే ఎందుకు కొట్టించుకున్నానా అనుకునేదాన్ని ఒక్కోసారి."

ఆమె ఇంకేదో అనబోతుండగా బయట గిట్టల చప్పుడు కాదు, పాదాల చప్పుడు వినిపించింది. ఇవాళ గుర్రమెక్కే సైనికుడు లేడు కదా. పొగను దాచగలిగింది గాని, ఉలవచారు ఘుమఘుమను మాచమ్మ దాచలేకపోయింది. ఊరంతా చప్పిడి పప్పు నములుతున్న వేళ ఆ వాసన ఎంతమంది ముక్కులను పిలిచిందో! తలుపు పగిలింది. శరభాంకుడు పొయ్యిలోని కొరివి తీసుకుని ఇద్దరిని కూల్చాడు, చట్టిమూతతో మూడోవాడి కత్తి తప్పించాడు, కాని గుడిసె కప్పుమీదనుంచి వల పడింది.

ఏటిఒడ్డున చందనపు చితి పేర్చి, దాని నడుమ బూడిదతో తెల్లబడిన గడ్డిబొమ్మను నిలబెట్టారు. పక్కనే మరో కొయ్య పాతి శరభాంకుణ్ణి కట్టారు, మాచమ్మను ఈడ్చుకొచ్చి ఎదుట నిలబెట్టారు. జనం ఒడ్డంతా కిక్కిరిసి ఉన్నారు. పొద్దు పడమటి కొండకు దగ్గరపడింది.

"నాన్నగారూ, నేను శరభాంకుణ్ణి! అమ్మగారికి తెలియకుండా నన్ను భుజాలమీద ఎక్కించుకుని పట్టపుటేనుగుకు బెల్లం పెట్టించేవారు, గుర్తులేదా?" అని అరిచాడు.

రాజు రెండడుగులు ముందుకు వేశాడు. భస్మానందుడు జాలిగా నిట్టూర్చాడు. "చంపేముందు ఆ పసివాడి నోట ఎన్ని రహస్యాలు రాబట్టాడో చూడండి మహారాజా!" రాజు ముఖం కప్పుకుని వెనక్కి తగ్గాడు. జనం పళ్ళు కొరికారు.

అప్పుడు మాంత్రికుడు మాచమ్మ వైపు తిరిగి తేనెలో ముంచిన గొంతుతో అన్నాడు. "తల్లీ, నీ బాధ నాకు తెలుసు. ఇదిగో, నీ కొడుకు నీ కళ్ళముందే ఉన్నాడు. ఈ గడ్డిబొమ్మ మీద ఒక్క గుప్పెడు బూడిద వెయ్యి చాలు. వీణ్ణి విడిచిపెట్టిస్తాను. వెయ్యనంటే వీడు ఇక్కడే కాలిపోతాడు. గడ్డి కావాలో కొడుకు కావాలో నువ్వే చెప్పు."

ఆమెకు ఏమీ తెలియదని వాడి నమ్మకం. ఆమె గుప్పెడు వేస్తే బయ్యన్న చస్తాడు. వెయ్యకపోతే బయ్యన్న ఎవరికోసం ప్రాణమొడ్డాడో ఆ మనిషి చస్తాడు. ఏ తల్లినీ అడగకూడని ప్రశ్న అది.

"వెయ్యొద్దమ్మా!" అని శరభాంకుడు కేకపెట్టాడు. "నన్ను కాలిపోనీ! వెయ్యొద్దు!"

మాచమ్మ అతడి వైపు ఒకసారి చూసింది. వంగి గంపలోంచి గుప్పెడు బూడిద తీసుకుంది. జనంలో హమ్మయ్య అన్న నిట్టూర్పు లేచింది. ఆమె మెల్లగా చితి ఎక్కి బొమ్మ ఎదుట నిలబడింది. గుప్పెడు పైకెత్తి, ఆ బూడిదను తన నెత్తిమీదే పోసుకుంది.

తరవాత పైటచెంగు నాలుకతో తడిచేసుకుని బొమ్మ ముఖం తుడవసాగింది.

"ఎంత మాపేశార్రా నా బిడ్డని," అంది. గట్టిగా అనలేదు, కాని ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. నుదురు తుడిచింది, బుగ్గలు తుడిచింది, మెడలోని చెప్పులదండ తీసి అవతల పారేసింది. అరుగుమీద కూర్చోబెట్టి పిల్లవాడికి ముఖం కడుగుతున్న ఏ తల్లయినా అలాగే ఉంటుంది. జనంలో ఒకావిడ ఉన్నట్టుండి భోరుమంది. చాలామంది తమ బూడిద చేతులు చీరలకు, పంచెలకు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

సూర్యుడి అంచు కొండకు తగిలింది. మాంత్రికుడి ప్రశాంతత కాస్తా ఎగిరిపోయింది. "తల్లి చేతి బూడిద పడకపోతే తల్లి బూడిదే పడుతుంది!" అని గర్జించి, కాగడా లాక్కుని చితిమీదికి విసిరాడు.

నూనె పోసిన చందనం భగ్గుమంది. మాచమ్మ బొమ్మను గుండెలకు అదుముకుంది. మంట అంటకుండా దానిచుట్టూ ఒళ్ళంతా ముడుచుకుంది. శరభాంకుడి పెనుగులాటకు కొయ్య మొదలంటా పెకలివచ్చింది. కొయ్యతోనే చితిలోకి దూకాడు. కట్లు మంటలో తెగాయి. అతడు చెయ్యి అందించేలోపే ఆమె చితి అంచుకు పాకి, ఉన్న బలమంతా పెట్టి బొమ్మను నదిలోకి విసిరింది. దానికి చిన్న నిప్పురవ్వ కూడా అంటలేదు.

సూర్యుడు కుంగిపోయాడు. ఎక్కడో దూరాన శంఖగిరి వైపు కొండ పగిలినట్టు పెద్ద చప్పుడైంది. గుహ తలుపు తెరుచుకుంది.

రాజగురువు కాషాయం ఉత్తి గుడ్డలా కిందపడింది. అందులోంచి నల్లటి పొగజడలు విరబోసుకున్న ధూమకేశి లేచి, వికృతంగా అరుస్తూ శంఖగిరి దిక్కుకు ఆకాశంలో దూసుకుపోయాడు. ఏడేళ్ళు తాము ఎవరి మాట విన్నామో జనం కళ్ళారా చూశారు. రాజు తన కుడిచెయ్యి వైపు చూసుకుంటూ నేలమీద కూలబడ్డాడు. ఏటేటా మొదటి గుప్పెడు ఆ చేతిదే.

శరభాంకుడు మాచమ్మను ఇసుకలో పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బతికే ఆశ లేదని ఇద్దరికీ తెలుసు.

"చిన్నదొరా, వాణ్ణి నీళ్ళలో ఒంటరిగా వదలకండి. తీసుకెళ్ళండి."

"తీసుకెళతానమ్మా. బయ్యన్నను నీ దగ్గరికి తెస్తాను. కాస్త ఓర్చుకో."

ఆమె నవ్వబోయింది. "కొంచెం ఇటు తిరగండి. వెలుగు పోతోంది. ఆ మొహం సరిగా కనపడాలి."

అతడు ఆరుతున్న చితి వెలుగులోకి ముఖం తిప్పాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నా ముఖం మాత్రం పక్కకు తిప్పలేదు. ఆమె చూస్తూ చూస్తూనే వెళ్ళిపోయింది.

ఆ తరవాత శరభాంకుడు ఏడుస్తూ కూర్చోలేదు. కూర్చునే తీరిక ఆ మాంత్రికుడు అతడికి ఇవ్వలేదు. తండ్రి పిలుస్తున్నా ఆగకుండా నదిలోకి దూకి, సుడిలో తిరుగుతున్న గడ్డిబొమ్మను ఒడ్డుకు తెచ్చాడు. గుర్రపుశాలనుంచి నల్లగుర్రాన్ని ఎవరో పరుగున తెచ్చి ఇచ్చారు. జీను కట్టేదాకా ఆగలేదు. బొమ్మను ముందు కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో పొదివి పట్టుకుని శంఖగిరి దారిన గుర్రాన్ని ఉరికించాడు. పైన చుక్కల మధ్య ఆ పొగజడలు అతడికంటే ముందే పోతున్నాయి.

అడవి మొదలయ్యేచోట, తడిసిన గడ్డిలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"చిన్నదొరా!"

అది బయ్యన్న గొంతే. ఇవాళంతా శాపాలు మోసిన బొమ్మ, ఇప్పుడు అతడి మాటను మోసుకొస్తోంది.

"బయ్యన్నా! వస్తున్నానురా! తలుపు తెరుచుకుందా?"

"తెరుచుకుంది దొరా. సంకెళ్ళు మాత్రం ఊడలేదు. అదలా ఉంచు. ఏడేళ్ళుగా ఒళ్ళంతా ఒకటే మంట. ఇవాళ సాయంత్రం ఎవరో మొహం తుడిచారు. ప్రాణం లేచొచ్చినట్టయింది. మా అమ్మేనా?"

"అమ్మే."

"అనుకున్నా. ఆ ఎంగిలి పైట ఇంకెవరిదవుద్ది!" గడ్డిలోంచి నవ్వు వినిపించింది. "నిన్ను గుర్తుపట్టిందా? అన్నం పెట్టిందా?"

"పెట్టింది. ఉలవచారు పోసి పెట్టింది."

"అదృష్టవంతుడివి. నేనొచ్చాక మళ్ళీ కాయమని చెప్పి వచ్చావా?"

ఎదురుగా కొండమీద, తెరిచిన గుహ వాకిట్లో నల్లటి పొగ దిగుతోంది. శరభాంకుడు బొమ్మను ఇంకా గట్టిగా పొదివి పట్టుకుని గుర్రాన్ని అదిలించాడు.